బాజాల రొట్టె

కొండల నడుమ లోయలోని ఒక్కోపంపా ఊళ్లో జాతర ఇంకా నెల ఉందనగానే జనం తిండి దగ్గర జాగ్రత్తపడటం మొదలెడతారు. పొరుగింటావిడ రొట్టె ముక్క చేతిలో పెడితే ముందు రొట్టె వంక చూస్తారు, తర్వాత ఆవిడ మొహం వంక చూస్తారు, ఆ తర్వాత కడుపులో బాగాలేదని చెప్పి లేచి వచ్చేస్తారు. ఆ నెలలో ఇంటికొచ్చే రొట్టె ఊరికే రాదు మరి. ఆ ఏడు జాతర భారం నెత్తికెత్తుకున్నవాళ్లు పళ్లెమంత రొట్టె కాల్చి, మగ్గం గుడ్డలో చుట్టి, రెండు చిన్న గ్లాసులూ సారా సీసా పట్టుకుని గడప తొక్కుతారు. దాన్ని హుర్కా అంటారు. ఒక్క ముక్క కొరికితే చాలు, వాళ్లు అడిగింది ఇచ్చి తీరాలి. ఒక రొట్టెకు బాణసంచా, ఇంకో రొట్టెకు ఎద్దు, మరో రొట్టెకు మేరీమాతకు కొత్త పావడా. కాగితం లేదు, సంతకం లేదు. మింగితే మాట ఇచ్చినట్టే.

ఆ ఏడు జాతర భారం సెవెరీనా వాల్పాది. మొగుడు పోయి ఆరేళ్లయింది. ఒంటి ఆడమనిషి ఇంత పని ఎలా మోస్తుందని ఊరి పెద్దలు నసిగితే, మొగుడున్నప్పుడు ఆయన్ని కూడా తనే మోశానని, ఇప్పుడు ఆ బరువు తగ్గిందని చెప్పి వాళ్ల నోళ్లు మూయించింది. ఆవిడ బతుకు లా రాయా కనుమలో గడుస్తుంది. కుస్కో నుంచి పూనో వెళ్లే ఖరీదైన రైలు, ఆ నీలం రంగుది, కనుమ నెత్తి మీద పది నిమిషాలు ఆగుతుంది. రైల్లోని దొరలు దిగి, ఎత్తుకు ఆయాసపడుతూ మంచుకొండలను ఫొటో తీసుకుంటారు. ఆ పది నిమిషాల్లోనే సెవెరీనా అల్పాకా ఉన్ని శాలువాలు అమ్మాలి. పద్దెనిమిదేళ్లుగా అమ్ముతోంది. బేరం కుదరకపోతే చలికి వణుకుతున్నట్టు నటించి, తన భుజం మీది శాలువానే తీసి అమ్మేది. పెట్టెలో అలాంటివి మరో ఆరు ఉండేవి.

హుర్కాలు అంటగట్టడంలో కూడా అదే నేర్పు. బాణసంచా రొట్టెను పిసినారి షాపువాడికి అతని అత్తగారి ఎదుట ఇచ్చింది. కాదంటే అత్త ముందు పరువు పోతుంది కనుక తిన్నాడు. ఎద్దు రొట్టెను ఇద్దరన్నదమ్ములకు చూపించి, పెద్దవాడి దగ్గర చిన్నవాడి స్తోమతను పొగిడింది. పెద్దవాడు లాక్కుని తిన్నాడు. మొక్కజొన్న కల్లు, అదే చిచా, కాచేవాళ్లు దొరికారు, పావడా కుట్టేవాళ్లు దొరికారు. మిగిలింది బాజాలు. బాజాలు లేకుండా మేరీమాత గుడి గడప దాటదు. అది తప్పితే ఆ ఏడాది జాతరను ఊరు జాతరగా లెక్కపెట్టదు. భారం ఎత్తుకున్న మనిషి పేరు చెప్పి మనవలదాకా నవ్వుతారు.

బాజాల రొట్టె తినగల స్తోమత ఉన్నవాడు ఊరు మొత్తానికి ఒక్కడే, తెయోఫిలో చాంపి. ఆ నీలం రైల్లోనే పెద్ద వంటవాడు. సెవెరీనా కూతురి బాప్తిస్మానికి జ్ఞానతండ్రిగా నిలబడ్డవాడు కాబట్టి ఇద్దరూ ఒకరినొకరు కొంపాద్రే, కొమాద్రే అని పిలుచుకుంటారు. మర్యాదకు లోటులేదు. కానీ పదకొండేళ్లుగా ఈ తెయోఫిలో జాతర నెలలో ఎవరి చేతి తిండీ ముట్టడు. ఊళ్లోకొస్తే తన ఫ్లాస్కులో తన టీ తెచ్చుకుంటాడు. పెళ్లికి పిలిస్తే దీవించి, భోజనాల ముందే మాయమవుతాడు. నెలలో ఎక్కువ రోజులు రైల్లోనే ఉంటాడు. రైల్లోకి హుర్కా రాదని అతని ధీమా.

సెవెరీనా మొదట దొడ్డిదారి పట్టింది. దొరల టీ కోసం రైలు వంటగదికి మూన్యా ఆకు కట్టలు అమ్మేది ఆవిడే. ఒక కట్ట మధ్యలో రొట్టె, గ్లాసులు, సీసా పెట్టి గట్టిగా కట్టింది. మూన్యా వాసన చూడందే తెయోఫిలో కట్ట తీసుకోడని ఆవిడకు తెలుసు. తన చేత్తో విప్పితే తన చేత్తో తీసుకున్నట్టేగా అని లెక్క. కానీ ఆ రోజు కట్ట విప్పింది లీమా నుంచి కొత్తగా వచ్చిన సహాయకుడు. అతనికి సముద్రం చేపల గురించి తెలుసు కానీ హుర్కా సంగతి తెలియదు. టీతోపాటు ఇమ్మని ఊరివాళ్లు పంపిన రొట్టె కాబోలనుకుని, సన్నగా కోసి, వెన్న రాసి, వెనక అద్దాల పెట్టెలో కూర్చున్న దొరలందరికీ పంచేశాడు.

రెండు రోజుల తర్వాత రైలు తిరుగు ప్రయాణంలో కనుమ మీద ఆగినప్పుడు తెయోఫిలో వంటగది కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"కొమాద్రే, మీ బాజాల రొట్టె పన్నెండు దేశాలవాళ్లు తిన్నారు. చాలా బాగుందన్నారు. ఇక ఒక్కొక్కళ్ల ఇంటికీ వెళ్లి అడగండి మరి. ముందు హాలండు నుంచి మొదలుపెట్టండి, వాళ్లు రెండేసి ముక్కలు తిన్నారు."

శాలువాలమ్మే ఆడవాళ్లంతా నవ్వారు. సాయంత్రానికి ఊరు నవ్వింది. హాలండు బాజాలెప్పుడొస్తాయని పిల్లలు కూడా అడగడం మొదలెట్టారు. సెవెరీనా మొహం మాడ్చుకోలేదు. మొదటి రొట్టె రుచి చూడ్డానికే అని చెప్పి, రెండో రొట్టెకు పిండి తడిపింది.

జాతర ఇంకా తొమ్మిది రోజులుంది. రైలు మళ్లీ పూనో వైపు వెళ్తూ కనుమ మీద ఆగింది. తెల్లజుట్టు దొరసాని ఒకావిడ సెవెరీనా టోపీ చూసి ముచ్చటపడి, రైలు లోపల తనతో కూర్చుని ఫొటో దిగమని సైగ చేసింది. ఎందరో అలా పిలిచారు కానీ పద్దెనిమిదేళ్లలో సెవెరీనా ఎప్పుడూ రైలెక్కలేదు. ఆ రోజు మాత్రం శాలువా కొంగు చంక కింద గట్టిగా బిగించి, మెట్లెక్కి, మెత్తని కుర్చీలో రాణిలా కూర్చుంది. ఒక ఫొటో అయింది, రెండు అయ్యాయి. కూత వినబడింది. దొరసాని కంగారుపడింది. సెవెరీనా మాత్రం తన రెండో చెప్పు ఎక్కడో పడిపోయిందని కుర్చీ కింద వెతుకుతూ ఉండిపోయింది. చెప్పు కాలికే ఉంది. రైలు కదిలింది.

మేనేజరమ్మ రెబెకా పరుగున వచ్చింది. ఒకే వరుస పట్టాల మీద రైలు వెనక్కి పోదు. ఇంజను నడిపే అబ్దోనును అడిగితే, శాంతారోసా దగ్గర వేగం తగ్గించి దింపుతానన్నాడు. అది నలభై నిమిషాల దూరం. అంతవరకూ ఈ మనిషిని దొరల మధ్య కూర్చోబెట్టడం పద్ధతి కాదని రెబెకా ఆవిడను తీసుకెళ్లి, చెప్పు సంగతి చెప్పి, వంటగదిలో వదిలి తలుపేసింది.

అంటే ఇన్నాళ్లూ తప్పించుకోవడానికి రైలెక్కినవాడికి ఇప్పుడు రైలే తప్పించుకోలేని చోటయింది. నెత్తిన పొడుగు తెల్లటోపీ, అది పైకప్పుకు తగులుతోంది. తెయోఫిలో ఆవిడ వంక చూసి, మళ్లీ చేప ముక్కల వంక చూశాడు. సెవెరీనా బంగాళాదుంపల బస్తా మీద కూర్చుంది. కాసేపు వంటగదినంతా పరికించింది. పొయ్యి మీది సూప్ గరిటెతో తీసి రుచి చూసి ఉప్పు తక్కువైందని చెప్పింది. దొరలకు అంతే వేయాలని అతను గొణిగాడు. పాపం, అంత డబ్బు కట్టి చప్పిడి తింటున్నారా అని జాలిపడింది. అప్పుడు శాలువా విప్పి రొట్టె, గ్లాసులు, సీసా ఒళ్లో పెట్టుకుంది.

తెయోఫిలో కత్తి కింద పెట్టాడు.

"ఇదేనా చెప్పు వెతకడం."

"అదీ వెతికాను. దొరికింది."

"కొమాద్రే, నేను పిసినారినని ఊరంతా అనుకుంటోంది. మీరూ అనుకుంటున్నారా?"

అతనే చెప్పుకొచ్చాడు. పదకొండేళ్ల కింద బాజాల రొట్టె తిన్నది అతనే. సికువానీ నుంచి పధ్నాలుగు మంది మేళాన్ని పిలిపించాడు. జాతర రోజున రైలు డ్యూటీ పడింది. బాజాల రొట్టె తిన్నవాడు మేళం ముందు స్వయంగా నడవాలి, అది కట్టుబాటు. మేళం ఊరేగింపులో నడిచింది కానీ ముందు మనిషి చోటు ఖాళీగా ఉంది. తలకాయ లేని బాజాలని ఊళ్లో పేరు పెట్టారు. అతని తల్లి ఆ మాట సంతలో విని, కూరగాయలు కొనకుండానే ఇంటికొచ్చేసింది. ఆ తర్వాత ఇంక ఎవరి రొట్టే తినలేదు. ఈ ఏడు కూడా జాతర రోజున రైలుంది, రైలు నిండా జనముంది, సెలవు లేదు.

"రాలేనని తెలిసి ఎలా తినమంటారు? తింటే మీ జాతరకూ తలకాయ ఉండదు."

సెవెరీనా కాసేపు కిటికీలోంచి పసుపు గడ్డి వంక చూసింది.

"రైలు కనుమ మీద ఎంతసేపు ఆగుతుంది?" అంది ఆవిడ చివరికి.

"మీకు తెలీదా? పది నిమిషాలు."

"పది నిమిషాల్లో నేను పన్నెండు శాలువాలు అమ్మాను. రెండు పెళ్లిళ్లు కుదిర్చాను. ఒకసారి తప్పిపోయిన అల్పాకాను పట్టుకొచ్చి మరీ అమ్మాను. మీరు పది నిమిషాలు నడవలేరా?"

"ఊరు కింద లోయలో ఉంది కదండీ."

"ఊరికీ కాళ్లున్నాయి. ఎక్కుతుంది."

తెయోఫిలో టోపీ తీశాడు. తీయడంతో మళ్లీ ఒక్కోపంపా మనిషయ్యాడు. రెండు గ్లాసుల్లో సారా పోసుకున్నారు. ముందు భూమితల్లికి నాలుగు చుక్కలు వేయాలి, ఇక్కడేమో కింద రేకు. సెవెరీనా బస్తా మూతి విప్పింది. దుంపలకు మట్టి అంటుకుని ఉంది. ఇద్దరూ ఆ మట్టి మీద చుక్కలు వేసి గ్లాసులు ఖాళీచేశారు. అతను రొట్టె తుంచి నోట్లో పెట్టుకుని, కావాలనే నెమ్మదిగా నమిలాడు. శాంతారోసాలో రైలు నడక వేగానికి తగ్గింది. సెవెరీనా దిగి, ఎద్దుల బండివాడితో బేరమాడి లారీ రోడ్డు చేరి, చీకటి పడేలోపు ఇల్లు చేరింది.

ఇక ఊరిని కొండెక్కించడం మిగిలింది. మేరీమాత ఎప్పుడూ రైలు కోసం ఎదురుచూడలేదని పెద్దలు అడ్డం తిరిగారు. రెండు గంటల ఎక్కుడు, పైన చలిగాలి, తల్లికి జలుబు చేస్తుందని ఒకాయన అన్నాడు. పసిబిడ్డనెత్తుకుని గాడిద మీద ఈజిప్టు దాకా వెళ్లిన తల్లికి ఈ గుట్ట ఒక లెక్కా అని సెవెరీనా అడిగింది. పైగా కనుమ మీద చిన్న గుడి ఉండనే ఉంది. తల్లి చుట్టం చూపుగా వెళ్లినట్టవుతుందన్నారు ఆడవాళ్లు.

జాతర రోజున పల్లకీ ఎత్తినవాళ్లు నాలుగుచోట్ల ఆగి, నాలుగుచోట్లా సెవెరీనాను తిట్టి, పన్నెండింటికి కనుమ చేరారు. సికువానీ మేళం పట్టాల పక్కన వరుసగా నిలబడింది. ముందు చోటు ఖాళీ. ఒంటిగంటకు రావాల్సిన రైలు రాలేదు. ఒంటిన్నరయింది. బాకాలు ఊదేవాళ్లు పెదాలు గడ్డకట్టకుండా నోరు రుద్దుకుంటున్నారు. గాలికి తల్లి కొత్త పావడా ఎగురుతుంటే ఇద్దరమ్మాయిలు కొసలు పట్టుకున్నారు. పెద్దలు ఒకరి వంక ఒకరు చూసుకుంటున్నారు, అది చాలు. సెవెరీనా ఆ రోజు శాలువాల పెట్టె తెరవలేదు. పట్టాల మలుపు మీదే కళ్లుంచి, అరచేతులు పావడాకు తుడుచుకుంటోంది.

రెండింటికి పది నిమిషాలుందనగా మలుపులో నీలం రంగు కనబడింది.

రైలు ఆగీ ఆగకముందే వంటగది తలుపులోంచి తెయోఫిలో దూకాడు. తెల్లకోటు మీద తండ్రి పోంచో కంబళి వేసుకున్నాడు, నెత్తిన పొడుగు టోపీ అలాగే ఉంది. వచ్చి ఖాళీ చోట్లో నిలబడ్డాడు. డోలు ఒక్క దెబ్బ వేసింది. బాకాలు లేచాయి. గుడి చుట్టూ మూడు ప్రదక్షిణలు, పల్లకీ ముందు మేళం, మేళం ముందు అతను. దొరలు దిగి, ఇదంతా తమ టికెట్టులో ఉందనుకుని చప్పట్లు కొట్టారు. తెల్లజుట్టు ఆవిడలాంటిదే ఇంకో దొరసాని వరుసలో చేరి అడుగులు వేసింది.

రెండో చుట్టు సగంలో రెబెకా గడియారం చూసి చెయ్యెత్తింది. అబ్దోను ఇంజను దిగి, ఈ ఎత్తులో చక్రాలు చూసుకోకుండా కదిలితే ప్రమాదమని చెప్పాడు. సుత్తి పట్టుకుని ఒక్కో చక్రాన్నీ పురిటిబిడ్డను చూసినట్టు అటు తట్టి ఇటు తట్టి చూశాడు. మూడో చుట్టు పూర్తయ్యేసరికి చక్రాలన్నీ బాగున్నాయని తేలింది.

రైలు కూత వేసింది. తెయోఫిలో ఆయాసపడుతూ సెవెరీనా దగ్గరకొచ్చాడు.

"కొమాద్రే, పొయ్యి మీద సూప్ అడుగంటి ఉంటుంది."

"అంటనివ్వండి. వాళ్లు రోజూ తింటూనే ఉన్నారు."

అతను వంటగది తలుపు మెట్టెక్కాడు. రైలు కదిలింది, మేళం మాత్రం ఆగలేదు. తెయోఫిలో ఆ మెట్టు మీదే ఊరి వైపు తిరిగి, డోలు దెబ్బకు సరిగ్గా కాళ్లు కదుపుతూ, ఉన్నచోటే నడిచాడు. మలుపు తిరిగేదాకా నడిచాడు. అది నడకలోకి వస్తుందా రాదా అని పెద్దలు పల్లకీ దింపి మరీ చాలాసేపు వాదించుకున్నారు. వస్తుందనే తేల్చారు.