పది కాళ్ళ వలరక్కసి

ఉదయం ఎనిమిదికి నాగాయలంకలో రొయ్యలకు రోగ పరీక్షలు చేసే ఆక్వా ల్యాబ్ తలుపు తీయగానే, మొదట వచ్చిన రొయ్యను హిమబిందు తడి అరచేతిలో వెల్లకిలా పడుకోబెట్టి నడిచే కాళ్ళు లెక్కపెడుతుంది. ఐదు జతలు, పది. ఆ లెక్క రాయడానికి రిపోర్టులో గడి లేదు, ఎవరూ అడగరు కూడా. ఉద్యోగంలో చేరినప్పటి నుంచి అలవాటైపోయింది, అంతే.

ఆ అలవాటే నిరుడు ఆమెను దాదాపు ముంచేసింది.

గుడివాడలో సెల్‌ఫోన్ల షాపు నడిపే మేనమామ కొడుకు వరుణ్ ఆ షాపులోనే ఆమెకు 'నీలికోట' అనే వీడియో గేమ్ నేర్పాడు. కోట కింది గుహల్లో ఒక్కో శత్రువునూ ఓడిస్తూ పోవాలి. ఆ గేమ్ చేసినవాళ్ళు నిరుడు పోటీ పెట్టారు. ఆడేవాళ్ళే సాలీడు జాతికి చెందిన కొత్త శత్రువును ఊహించి, బొమ్మ గీసి, దాన్ని ఎలా ఓడించాలో కూడా రాసి పంపాలి. నెగ్గిన జీవి గేమ్‌లోకి వస్తుంది.

చిన్నప్పుడు నోటుపుస్తకాల అట్టల మీద పురుగుల బొమ్మలు గీసి తిట్లు తిన్న మనిషి హిమబిందు. పోటీ సంగతి తెలిసిన రోజే ఆమె నల్ల ఇంకు సీసా కొనుక్కుంది.

రొయ్యల చెరువుల మీద కాకులూ కొంగలూ వాలకుండా ఈ గట్టు నుంచి ఆ గట్టుకు దారాలు కడతారు. వాటిని చూస్తుంటే ఆమెకు జీవి తట్టింది. పేరు వలరక్కసి. నీళ్ళ మీద దారాలు లాగి, ఒక కాలు దారానికి ఆనించి కూర్చుంటుంది. ఎవరు అడుగుపెట్టినా దారం వణికి దానికి తెలిసిపోతుంది. వారం రోజులు నల్ల ఇంకుతో కాళ్ళ మీది నూగుతో సహా గీసింది. ఓడించే ఉపాయం మాత్రం దొరకలేదు. ఏం రాసినా ఎక్కడో ఆడేసినట్టే ఉండేది.

ఆఖరి రోజు సాయంత్రం ఆరింటిదాకా గడువు. మధ్యాహ్నం బొమ్మను ఫోటో తీసి వరుణ్‌కు పంపింది. నిమిషంలో ఫోన్ మోగింది.

"ఏమే మరదలా, సాలీడుకి కాళ్ళెన్ని?"

"ఎనిమిది."

"నీదానికి పదున్నాయి. గేమ్‌లో పెడతామన్నారా, రొయ్యల ఇగురు వండుకుంటామన్నారా?"

హిమబిందు బొమ్మను ముందుకు లాక్కుని లెక్కపెట్టింది. ఐదు జతలు. రోజూ చూసే కాళ్ళనే చెయ్యి గీసుకుంటూ పోయింది. ఇంకు చెరగదు. మళ్ళీ గీయాలంటే ఇంకో వారం. ఇక పంపనని ఆమె అనేసరికి వరుణ్ నవ్వడం ఆపి, ఇంకా టైముంది, ఏదో ఒకటి ఆలోచించమని బతిమాలాడు.

నాలుగున్నరకు కోడూరు నుంచి పిచ్చేశ్వరరావు అనే రైతు సంచిలో రొయ్యలు తెచ్చాడు. ముందు రోజే అమావాస్య వెళ్ళింది. ఆ అదునులో రొయ్యలు పాత గుల్ల వదులుతాయనీ, కొత్తది గట్టిపడేదాకా ఒళ్ళు మెత్తగా ఉంటుందనీ చెరువులున్న వాళ్ళందరికీ తెలుసు.

"దీన్ని చూడమ్మా, సగం ఊడింది, సగం వేలాడతా ఉంది. ఇప్పుడు చీమ కుట్టినా చస్తది," అన్నాడాయన.

రొయ్య వెనక పాత గుల్ల కాళ్ళతో సహా వేలాడుతోంది. హిమబిందు అలవాటుగా లెక్కపెట్టబోయి ఆగిపోయింది. పాత కాళ్ళు, కొత్త కాళ్ళు. సాలీడు కూడా గుల్ల వదులుతుంది. ల్యాబ్ కిటికీ మూల అలాంటివి ఎన్నిసార్లు ఊడ్చి పారేసిందో.

రిపోర్టు రాస్తూ మధ్యలో ఆపి ఆమె మళ్ళీ ఆ రొయ్యను చేతిలోకి తీసుకుంది. అది చూసి ఆయన, రోగం ఏమన్నా తగిలిందా అని కంగారుపడ్డాడు. "లేదండీ, మీ రొయ్యలు బంగారం," అంది హిమబిందు. ఆయన అటు వెళ్ళగానే కాగితం తీసింది.

వలరక్కసికి కాళ్ళు ఎనిమిదే. వెనకున్న రెండూ ఇంకా ఊడని పాత గుల్లవి. పది కాళ్ళున్నంతసేపూ దాని ఒంట్లో కత్తి దిగదు. పోరాటం మధ్యలో ఆ రెండూ రాలిపోతాయి. అప్పుడు ఆరు అంకెలు లెక్కపెట్టేంతసేపు దాని ఒళ్ళు మెత్తన. కాళ్ళు లెక్కపెట్టుకున్నవాళ్ళే గెలుస్తారు.

ఆరుకు నాలుగు నిమిషాలుండగా పంపింది. మూడు వారాలకు ఫలితం వచ్చింది. వలరక్కసి నెగ్గింది.

కొత్త గుహ తెరిచిన ఆదివారం వరుణ్ షాపులో పెద్ద టీవీ ముందు ఇద్దరూ కూర్చున్నారు. చీకటి నీళ్ళ మీద దారం వణికింది. ఆమె గీసిన నూగుతో సహా వలరక్కసి దిగివచ్చింది. వరుణ్ రెండుసార్లు చచ్చాడు. మూడోసారి హిమబిందు కుర్చీ అంచుకు జరిగింది.

"ఆగు, ఇంకా పది. ఇంకా పదే. ఎనిమిది, ఎనిమిది బావా, కొట్టు!"

హిమబిందు ఇప్పటికీ ఆ ల్యాబ్‌లోనే పనిచేస్తోంది. ఆమె పాత ఫోనులో నీలికోట పట్టదు. వలరక్కసిని చూడాలంటే ఆదివారం గుడివాడ వెళ్ళాల్సిందే.