గమ్హరియా ఇంటి గుట్టు చెప్పింది నేనే

పదకొండేళ్లుగా ఒక మాటను మింగలేక, కక్కలేక బతికాను. ఈరోజు మీకు చెబుతున్నాను. జాలి మాత్రం పడకండి. నాకు జాలి గిట్టదు.

పైడమ్మ నా తోడికోడలు. బిర్సానగర్‌లో ఒకే ఇంట్లో ఉండేవాళ్లం. నా మరిది ఆమెను బెల్టుతో కొట్టేవాడు. నేను అడ్డం వెళ్లేదాన్ని కాదు. ఒకరోజు పొద్దున అతను డ్యూటీకి వెళ్లగానే ఆమె కట్టుబట్టలతో వెళ్లిపోయింది. గమ్హరియాలో చిన్ననాటి స్నేహితురాలు సావిత్రి ఇంట్లో ఉంటానని నా ఒక్కదానికే చెప్పింది.

నాలుగో రోజు మధ్యాహ్నం మరిది వంటగది గుమ్మంలో నిలబడ్డాడు.

“ఒదినా, అదెక్కడుందో నీకు తెలుసు. సెప్పు.”

“సెప్తే ఏటి సేత్తావు?”

“ఏటీ సెయ్యను, కసమ్, ఒట్టు. ఇంటికి తీసుకొత్తాను, అంతే.”

చెప్పేశాను. వీధితో సహా.

అతని మాట నమ్మానా? ఒక్క క్షణం కూడా నమ్మలేదు. మరి ఎందుకు చెప్పాను? మంచం పట్టిన అత్తగారి గుడ్డలు నేనొక్కదాన్నే ఉతకాల్సి వస్తోందని కోపం. అది పైకి చెప్పుకోగలిగిన కారణం. లోపలిది వేరు. నా మొగుడూ నన్ను కొట్టాడు, నేను ఏళ్ల తరబడి నోరు మూసుకుని పడి ఉన్నాను, నేను దాటలేని గడపను నాకంటే చిన్నది దాటేసి ఎక్కడో హాయిగా ఊపిరి పీల్చుకుంటోందంటే నా కడుపు మండిపోయింది.

సాయంత్రానికి మరిది ఆమెను ఈడ్చుకొచ్చాడు. కుడిచెయ్యి విరిచాడు. ఆసుపత్రిలో నేనే అన్నం కలిపి తినిపించాను. “సావిత్రే సెప్పేసుంటాది అక్కా,” అని ఏడ్చింది. నేను కాదనలేదు. ఆ తర్వాత ఆమె సావిత్రి ముఖం చూడలేదు.

ఏడాదికి మళ్లీ వెళ్లిపోయింది. ఈసారి ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు సిద్ధగోరాలో, తనలాగే దెబ్బలు తిన్న ఆడవాళ్లతో కలిసి సంఘం నడుపుతోంది. పారిపోయి వచ్చినవాళ్లను దాస్తారు, పోలీస్ స్టేషన్‌కు తోడు వెళ్తారు. వంకరపోయిన ఆ చెయ్యి ఎత్తి ఆమె మీటింగుల్లో మాట్లాడుతుంటే నాకు అసహ్యం వేసేది. ఆమె మీదా? నా మీదా? తేల్చుకోవడానికి భయపడేదాన్ని.

పోయిన నెల మా ఇంటికి వచ్చింది. నా మొగుడు పోయాక ఒక గది ఖాళీగా ఉంది. ఒక అమ్మాయిని కొన్నాళ్లు అందులో దాచమంది. “నిన్ను తప్ప ఎవుర్నీ నమ్మను అక్కా.”

“ఆ రోజు సెప్పింది సావిత్రి కాదే. నేను.”

కారణాలేవీ చెప్పలేదు. ఆమె అడగలేదు. తిట్టి ఉంటే తిరిగి తిట్టేదాన్ని, నాకది అలవాటే. లేచి చెప్పులు వేసుకుంది. మెట్ల మీద ఎవరికో ఫోన్ చేసింది, ఆ అమ్మాయిని ఇంకోచోట ఉంచమని. ఎక్కడో చెప్పేటప్పుడు, నాకు వినపడకుండా గొంతు తగ్గించింది.

సరైన పనే చేసింది. మళ్లీ రాలేదు, రాదు కూడా. అయినా ఆమె దగ్గర నిజం ఒప్పుకున్నందుకు నేను ఒక్కసారి కూడా బాధపడలేదు. నేనే చెప్పాను. నేనే.