మూఢంలో ఆగిన దూలం

రెండు వేల సంవత్సరం వేసవిలో, ఇళ్లు కట్టే చదువు చదివే పిల్లలు పట్నం నుంచి ఊళ్లోకి దిగారు. ఊరివాళ్లతో కలిసి తమ చేతుల్తో ఒక ఇల్లు కట్టాలట, దానికి మార్కులట. ఎవరి ఇల్లు కట్టమంటారని అడిగితే ఊరంతా మా నాయనమ్మ వెంకటరావమ్మను చూపించింది. మిరపకాయలకు తొడిమలు తీసి బతికే ఆవిడ పాక అప్పటికే ఒక పక్కకి ఒరిగిపోయి ఉంది.

పాక పీకించి, నాయనమ్మ పక్కింటి మదార్‌బీ గొడ్ల చావిట్లోకి మారింది. వానలు పడేలోగా కొత్తింట్లో పొయ్యి వెలిగించాలని ఒకటే ఆత్రం. పిల్లలు మట్టి ఇటుకలు కోస్తుంటే తలకు తువ్వాలు చుట్టుకుని పెత్తనం చేసేది. మట్టి తొక్కడం చేతకాని మనోజ్ఞను, నిన్ను చేసుకునేవాడి తల్లి ఏం పాపం చేసిందో అని ఏడిపించేది.

"మీ అత్త ఏం బావుకుందట మామ్మా?" అనేది ఆ పిల్ల.

గోడలు లేచాయి. దూలం ఎత్తే రోజున నాయనమ్మ అడ్డంగా నిలబడింది. మూఢం నడుస్తోందట. మొదలుపెట్టిన పనికి మూఢం అడ్డం కాదని త్యాగరాజు పంతులుగారు వచ్చి చెప్పినా చెవిన పెట్టలేదు. పాత పాకకు తాతయ్య మూఢంలోనే దూలం ఎత్తాడు, ఏడాది తిరక్కుండా పోయాడు. అదే పాకలో నువ్వు ముప్పై ఏళ్లు నిక్షేపంగా ఉన్నావుగా అని ఎవరైనా అంటే చేతికందింది విసిరేది.

పిల్లల సారు రామకాంత్ ఊరివాళ్ల మాట కాదనని మనిషి. ఊరివాళ్లు చెప్పినట్టే కట్టాలన్నది వాళ్ల పాఠం. మూఢం పోగానే వస్తామని చెప్పి, పిల్లల్ని బస్సెక్కించాడు.

మూఢం పోయింది. మంచిరోజు చూపించుకుని, దూలానికి పసుపు రాసి, కొబ్బరికాయ ఒళ్లో పెట్టుకుని నాయనమ్మ ఆ గోడల మధ్య పొద్దుగూకేదాకా కూర్చుంది. పట్నంలో పరీక్షలు మొదలయ్యాయి; ఎవరూ రాలేదు. మేమెత్తుతామని ఊళ్లో నలుగురు వస్తే, కట్టిన పిల్లల చెయ్యి పడాల్సిందేనని తిప్పి పంపింది. ఆ వారమే ముసురు పట్టింది. కప్పులేని గోడలు నానీ నానీ కూలబడ్డాయి.

మరుసటేడు వేరే ఊరికి కొత్త పిల్లల్ని తీసుకెళుతూ సారు ఆగాడు. మట్టిదిబ్బ చుట్టూ ఒకసారి తిరిగి వచ్చాడు.

"మీ మాట కాదనలేకపోయానండీ" అన్నాడు.

"కాదనాల్సింది బాబూ. నాలుగు చివాట్లు పెట్టి ఎత్తాల్సింది" అంది నాయనమ్మ.

ఆ తర్వాత ఎవరు ఇల్లు కట్టిస్తామన్నా వద్దంది. పోయేదాకా మదార్‌బీ గొడ్ల పక్కనే పడుకుంది.