టైపిస్టుగారు, రోమన్ సైనికులు

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో ఒక సాయంత్రం విస్సన్నపేటలో తిరువూరు బస్సెక్కి, కంప్యూటర్ పత్రిక తెరిచాను. అందులో నాకు పిచ్చిగా నచ్చే రోమన్ యుద్ధాల వీడియో గేమ్ గురించి రాశారు.

పక్క సీట్లో యాభై దాటిన ఒకావిడ ఒళ్లోని హ్యాండ్‌బ్యాగు మీద వేళ్ళు టకటకా ఆడిస్తున్నారు. పత్రికలో సైనికుల బొమ్మ చూసి, "ఏంటి బాబూ ఇది?" అన్నారు.

"లీజియన్ అప్‌గ్రేడ్ అండి. ఆటలో తిండి, బంగారం కూడబెట్టి ఇది చేయిస్తే, మన కత్తి సైనికులంతా ఎక్కడివాళ్ళక్కడే గట్టి రోమన్ వీరులైపోతారు."

"పాతవాళ్ళేనా? వాళ్ళని తీసేసి కొత్తవాళ్ళని పెట్టరా?"

"పాతవాళ్ళేనండి. దెబ్బలు తగిలినవాళ్ళు కూడా."

ఆవిడ వేళ్ళు ఆగాయి. తను ఆఫీసులో టైపిస్టునని, కంప్యూటర్లు రాగానే తోటివాళ్ళంతా ముందే రిటైరైపోయారని, తను మాత్రం నేర్చుకుంటానని పట్టుబట్టి తిరువూరులో క్లాసుకి వెళ్తున్నానని చెప్పారు. క్లాసులో అందరూ ఆవిడ పిల్లల ఈడు వాళ్ళేనట. చెప్పడంలో ఎక్కడా దిగులు లేదు.

"మరి అలా మారడానికి ఎంతసేపు పడుతుంది?"

"రెండు మూడు నిమిషాలండి."

ఆవిడ బస్సంతా వినబడేలా నవ్వారు. "నాకు ఆర్నెల్లు పట్టేట్టుంది బాబూ!"

తిరువూరు బస్టాండులో దిగి, వెనక్కి చూడకుండా వడివడిగా వెళ్ళిపోయారు. పేరైనా అడగలేదు నేను.

ఆటలో సైనికులు ఇంతమందికి మించకూడదని లెక్క ఉంటుంది; అప్పటిదాకా కొత్తవాళ్ళకు చోటు కోసం గాయపడ్డవాళ్ళను శత్రువు మీదికి తోసేసేవాణ్ణి. ఆ తర్వాత అది నా చేత కాలేదు. వాళ్ళను వెనక్కి రప్పించి, వైద్యం చేసే పూజారి పక్కన నిలబెట్టి, కోలుకునేదాకా ఆగేవాణ్ణి. అలా ఆగి కొన్ని యుద్ధాలు ఓడిపోయాను కూడా.