సముద్రపు ఆవుకు బొట్టు

ఆకలిగా ఉన్నవాళ్ల ముందు నుంచి తిండిని తప్పించిన మనిషిని ఏమనాలి? ఏళ్లుగా మోస్తున్న ఈ ప్రశ్నను ఎప్పటికైనా పెద్దత్తనే అడగాలనుకున్నాను. మొన్న మంగళవారం మలేసియాలోని క్లాంగ్‌లో పెద్దత్త పోయింది.

తెల్లదొరలు కమ్యూనిస్టుల తిరుగుబాటును అణచడానికి పెట్టిన ఎమర్జెన్సీ రోజుల్లో సుంగై సుమున్ దగ్గర మావాళ్లు పనిచేసే ఎస్టేటులో కూలీల ఇళ్ల లైన్ల చుట్టూ ముళ్లకంచె ఉండేది. అడవిలో దాక్కున్నవాళ్లకు చేరిపోతుందని బియ్యం కొలిచి ఇచ్చేవారు. ఇంటిల్లిపాదికీ గంజే. ఒక పొద్దున సముద్రం వెనక్కి తగ్గాక, వాగు బురదలో ఓ దుయుంగ్ చిక్కుకుపోయింది. నీటి అడుగున గడ్డి మేసే పెద్ద జంతువు అది. మగవాళ్లు కత్తులతో దిగారు. అప్పటికి పెళ్లికాని పెద్దత్త వాళ్లకంటే ముందే వెళ్లి, దాని నుదుట ఇంత కుంకుమ పెట్టేసింది.

"ఏటే ఇది, కొమ్ముల్లేని ఆవా?" అన్నాడట ఓ మావ.

"పాలిస్తాది మావా, దాని పిల్లకి. బొట్టెట్టినాను. ఇంక నీ ఇష్టం లా," అందట పెద్దత్త, అక్కడి అలవాటు ప్రకారం మాట చివర "లా" తగిలించి.

బొట్టున్నదాని మీద ఎవరూ కత్తి వేయలేకపోయారు. పోటు రాగానే అది వెళ్లిపోయింది.

ఇంట్లో అందరూ ఇక్కడిదాకా చెప్పి నవ్వేవారు. పెద్దత్త మాత్రం ఇక్కడ ఆపేది కాదు. "పక్కింటి పాప ఆ నెల్లోనే పోయినాది," అనేది. జ్వరం నుంచి లేచిన పిల్ల. కాస్త మాంసం పులుసు పడితే తేరుకునేదేమో. మెర్డేకా నాడు, అంటే దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన రోజున, లైనంతా మిఠాయి పంచుకున్నారు. ఆ తల్లి మాత్రం పెద్దత్త చేతి మిఠాయి ముట్టలేదు.

"నిజంగా ఆవనే నమ్మావా అత్తా?" అని అడిగేదాన్ని.

"తమిళోళ్లు కడల్ పసు అంటారు కదా, సముద్రపు ఆవని. పేరు నేనెట్టినానేటి?" అని దాటేసేది.

నేను సైబర్‌జయలో పాఠాలు చెబుతూ, ఇక్కడి సముద్రంలో మిగిలిన దుయుంగ్‌ల కోసం మీటింగులకు తిరుగుతుంటాను. వలలు వేయకూడని చోట్లకు గీతలు గీస్తాం, మళ్లీ చెరిపేస్తాం. "మరి మేమేం తినాలి?" అని జాలరులు అడిగితే అందరం కాగితాల్లోకి చూస్తాం. ఈలోగా వలలో ఊపిరాడక చచ్చినవాటి ఫొటోలు వస్తూనే ఉంటాయి. విసుగొస్తుంది.

పోయిన దీపావళికి పెద్దత్త అడిగింది: "మీ మీటింగులో ఏటి తేలినాదే?"

"ఏమీ తేల్లేదత్తా."

"తేలేవి సచ్చినవే లా."

నవ్వాను. ఒళ్లు కూడా మండింది.

మంగళవారం పెద్దత్తకు స్నానం చేయించాక నేనే బొట్టు పెట్టాను. తడి నుదుటి మీద కుంకుమ సన్నగా కిందికి జారింది. ఆ పొద్దున బురదలో నేనే ఉంటే కుంకుమ భరిణె తీసేదాన్నో, పక్కింటి పాప కోసం గిన్నె పట్టుకుని నిలబడేదాన్నో, ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.