కరగని తీగె

సమ్మె రోజులు. భూపాలపల్లిల బొగ్గు ఆగింది, జనగామల మా లేతు షాపు కరెంటు ఆగింది. వచ్చినప్పుడే పని, రానప్పుడు ముచ్చట్లు. బడికి జల్ది దండం పెట్టి వచ్చినోణ్ణి నేను. నా నోరు మాత్రం కరెంటు లేకున్నా నడిచేది.

ఒకనాడు హైదరాబాద్ నుంచి ఒక పరిశోధన మేడం ఉక్కు ముక్కలు తెచ్చింది. పరీక్ష కోసం వాటిని సన్నటి కడ్డీలు చెయ్యాలె.

"దేనికి మేడం?" అన్న.

"ఫ్యూజన్‌కి."

"గింత లావు ఫ్యూజా? జిల్లా మొత్తానికి ఒక్కటేనా?"

షాపంత నవ్వింది. ఆమె కూడా నవ్వింది. "ఫ్యూజ్ కాదండీ. సూర్యుడిలో వేడి ఎలా పుడుతుందో, ఇక్కడ అలా పుట్టించే కొలిమి. దాని గోడకు ఏ ఉక్కు ఆగుతుందో వెతుకుతున్నాం. అంత వేడికీ కరగకూడదు, పెళుసు కాకూడదు."

కరగకూడదు అన్నకాడ నా నవ్వు ఆగింది.

మాది మానుకోట దిక్కు, దంతాలపల్లి కాడ. బాయి మోటరుకు ఫ్యూజ్ ఊకె పోతుందని మా అన్న లావు అల్యూమినియం తీగె చుట్టిండు. ఊళ్లె అందరు గంతే. మొన్నటి ఎండకాలం స్టార్టర్ డబ్బాకు లోపలి వైరు తగిలింది. బాపు డబ్బా మీద చెయ్యేసిండు. ఎర్తు కొట్టంగనే సన్న తీగెయితే కరిగి కరెంటు ఆపేది. ఈ లావు తీగె కరగలే. బాపు చెయ్యి ఊడి రాలే.

బాపు పోయినసంది అవ్వ మోటరు ఎయ్యనియ్యలే. వానలకు నాటేసిన వరి ఇప్పుడు పొట్టకొచ్చి ఎండుతున్నది.

"కరగాల్సిందాన్ని ఎట్ల ఎంచుకుంటరు మేడం?" అన్న.

"అది వేరే వెతుకులాట," అన్నది.

ఆ వారమే సన్న ఫ్యూజ్ తీగె కొనుక్కొని ఊరికి పోయిన. డబ్బా కొత్తది బిగించినం. పాత తీగె ఊడదీస్తే తళతళ మెరుస్తున్నది. బాపును తీస్కపోయినదాని మీద మసి సుత లేదు.

కరెంటొచ్చింది. అవ్వ ఒడ్డు మీద నిలబడి చూస్తుంటె మోటరేసినం. గుర్రుమన్నది, సన్న తీగె ఫట్‌మన్నది.

"సూసినవా, నీ సూర్యుని మేడం తెలివి?" అనుకుంట మా అన్న ఆ లావు తీగె కోసం వంగిండు. అప్పటికే అది అవ్వ పిడికిట్ల ఉన్నది.

"కరగనియ్యి బిడ్డా," అన్నది. తర్వాత నా దిక్కు చూసి, "ఇంకోటి కట్టు."

నీళ్లొచ్చినయి, ఆగుకుంట ఆగుకుంట.

ఇప్పటికీ యాడన్న ఫ్యూజ్ ఫట్‌మంటే అందరు పరేషానైతరు. నాకు మాత్రం బాపు చెయ్యి డబ్బా మీది నుంచి ఊడొచ్చినట్టు అనిపిస్తది.