ఒక్క చుక్క సీతాకోకచిలుక

మా సైన్సు మేడం పోయారండీ. కిందటి నెల ఒక ఆదివారం పొద్దున్నే ఏలూరు నుంచి వాళ్లబ్బాయి ఫోన్ చేసి చెబితే, పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా అలాగే నిలబడిపోయాను. మర్నాడు మా బడికి రావాల్సిన మనిషి.

మండవల్లి దగ్గర నేను చదువుకున్న బడిలోనే ఇప్పుడు సైన్సు చెబుతున్నాను. ల్యాబులో మేడం చేసిన అద్దాలపెట్టె ఒకటుంది, నిండా సీతాకోకచిలుకలు. ఒక్కదాన్నీ చంపలేదండోయ్. "చచ్చిపడినదే తేవాలి. పట్టుకుని తెచ్చారో, చెవులు మెలేస్తాను!" అనేవారు. మేము చేపలచెరువు గట్లన్నీ వంగి వంగి వెతికేవాళ్లం. "ఏం పారేసుకున్నావే?" అని ఇంట్లో అమ్మ చీవాట్లు.

మొన్నామధ్య ఆవిడకి శుక్లాల ఆపరేషన్ అయింది. సరదాపడతారని ఆ పెట్టె ఫొటో వాట్సాప్‌లో పంపాను. వెంటనే ఫోన్.

"ఏమ్మా, ప్లెయిన్ టైగర్ అని రాసినదాన్ని పెద్దది చేసి చూడు. వెనకరెక్క మీద చుక్కలెన్ని?"

"పైఅంచున ఒక్కటేనండీ."

"అయ్యో, నా మొహం మండా! ప్లెయిన్ టైగర్‌కి రెక్క మధ్యలో మూడో నాలుగో ఉండాలి కదే. ఇది డానైడ్ ఎగ్‌ఫ్లై, ఆడది. ప్లెయిన్ టైగర్ చేదని పిట్టలు ముట్టుకోవు. అందుకే ఇది దాని వేషం వేసుకు తిరుగుతుంది. పిట్టలు మోసపోయాయంటే సరే, నేనూనా! ఎంతమంది పిల్లలకి తప్పు చెప్పానో."

"చీటీ నేను మార్చేస్తాలెండి మేడం."

"నువ్వు ముట్టుకోకు. నా తప్పు నా చేత్తోనే దిద్దుకుంటాను."

ఆవిడ రావడం వానలని ఒకసారి, మోకాళ్ల నొప్పులని ఒకసారి వాయిదా పడింది. కారు పెట్టుకుని తీసుకొచ్చేస్తే పోయేది కదండీ! అప్పుడు ఆ ఆలోచనే తట్టలేదు. అడక్క అడక్క ఆవిడ అడిగింది అదొక్కటే.

పెద్దకర్మ అయిన మర్నాడు పెట్టె తెరిచాను. చీటీ కింద చాకు పెట్టి, మళ్లీ తీసేశాను. తప్పయినా ఆవిడ రాసిందే కదా. ఉంచేద్దామా అంటే, దిద్దకుండా పోయానే అని ఆవిడ పడే బాధ కళ్ల ముందు కదిలింది. ఏడుస్తూనే ఊడదీశాను. అసలు పేరు రాసి అంటించాను.

నా చీటీ చిన్నదైపోయింది. పెట్టె లోపలి అట్టంతా ఎప్పుడో పసుపెక్కిపోయింది గానీ, ఆవిడ చీటీ ఉన్నంత మేర మాత్రం నా చీటీ చుట్టూ ఇంకా తెల్లగానే ఉంది.